నాలుగో వాటా

జూన్ 4

పిన్నీ,

నువ్వు తాత్కాలిక ఓనరుగా నియమించి వెళ్లిన నీ అక్క కొడుకు, లా పాసై ఇంతవరకూ ఒక్క కేసు మొహం కూడా చూడనివాడు, తన మొదటి నివేదికను సవినయంగా సమర్పిస్తున్నాడు. కూర్చుని చదువు. ఫోన్లో చెప్పేవాణ్ణే. కానీ కండక్టరుగా బస్సు ఇంజను పక్కన నిలబడి నిలబడి నీకు ఒక చెవి పోయింది. నేను గట్టిగా అరిస్తే సంగతి వీధి మొత్తానికీ తెలుస్తుంది, నీకు తప్ప.

ముందు క్షేమ సమాచారం. ఇల్లు ఉంది. గోడలు ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు మూడు పోర్షన్లలోనూ ఉన్నారు. వాళ్ల మధ్య మాటలే లేవు.

జరిగింది ఇది. కరెంటు బిల్లు వచ్చింది. ఇంటికంతటికీ ఒకటే మీటరు కదా. బిల్లుని మూడు పోర్షన్లకీ సమానంగా పంచి, చీటీలు రాసి, తలుపుల కింద నుంచి లోపలికి తోశాను. ఇంతకన్నా చక్కటి న్యాయం ఏ కోర్టూ చెయ్యలేదని మురిసిపోతూ, డాబా మీద నీ గదికొచ్చి టీ పెట్టుకున్నాను. టీ పొంగేలోపు మెట్ల మీద యుద్ధం మొదలైంది.

"ఇదేంటి బాబూ, మాకెప్పుడూ ఇంత రాలేదే?" అని కింది పోర్షన్ టైలరమ్మ చీటీ పట్టుకుని వచ్చింది.

మధ్య పోర్షన్ లెక్కల మాస్టారు కళ్లజోడు సర్దుకుని, గోడతో మాట్లాడుతున్నట్టు, "కుట్టుమిషనుకి మోటారు పెట్టించినప్పుడే అనుకున్నా" అన్నారు.

"నా మోటారు ఏం తాగుతుంది మాస్టారూ! మీ ట్యూషన్ పిల్లల నెత్తిన తిరిగే ఫ్యాన్లని అడగండి."

"పొద్దెక్కేదాకా కూలరు వేసుకుని పడుకునేవాళ్లని ఎవరూ అడగరేం?" అన్నారాయన, ఈసారి పైకప్పుతో.

పై పోర్షన్ నర్సమ్మ ఆస్పత్రిలో డ్యూటీ దిగి ఆఖరి బస్సుకి ఇల్లు చేరే మనిషి. నిద్రమొహంతో రెయిలింగ్ మీంచి వంగి, "నా నిద్రకి కూడా బిల్లేస్తారా? ఇంకా నయం, కలలకి విడిగా వెయ్యలేదు" అంది.

ఆ మాటకి నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ముగ్గురూ ఒకటై నా వైపు తిరిగారు. ఇంతవరకూ ఎవరూ పైసా కట్టలేదు.

నా తీర్పు: ఒక్కో పోర్షనుకీ ఒక్కో సబ్‌మీటరు. ఎవరి కరెంటు వాళ్లది, ఎవరి పాపం వాళ్లది. ఎలక్ట్రీషియన్‌కి కబురు పెట్టాను. నువ్వు ఇన్నేళ్లూ ఈ ఇంటిని ఎలా నెట్టుకొచ్చావో గానీ, ఇకమీదట చట్టబద్ధంగా నడుస్తుంది.

నీ ప్రతినిధి, న్యాయమూర్తి, నీళ్ల మోటారు ఆపరేటరు
(మూడు ఉద్యోగాలూ జీతం లేనివే)

*

జూన్ 9

ఒరేయ్ జడ్జీ,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదివి నవ్వుతుంటే వంటాయన నాకు పొలమారిందనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నీళ్లు తాగాక గానీ కోపం రాలేదు.

ఇక్కడ నా సంగతి విను. కండక్టరు ఉద్యోగానికి కొత్తగా తీసుకున్నవాళ్లకి పాఠాలు చెప్పమని నన్ను పిలిపించారా, శిక్షణకి బస్సు మాత్రం ఇవ్వలేదు. హాల్లో రెండు వరసలు కుర్చీలు వేసి ఇదే బస్సు అనుకోమన్నాను. ఒక పొడుగాటి కుర్రాడు ఖాళీ కుర్చీకి కూడా టికెట్ కొట్టి, చిల్లర కోసం నిలబడ్డాడు. ఒకమ్మాయి మాత్రం "ముందుకు జరగండి" అంటే హాల్లో గోడలు కూడా జరిగాయి. బాగుపడుతుంది.

నిన్న వాళ్లకి చిల్లర పాఠం చెప్పాను. నీకూ అదే చెబుతున్నా. బస్సులో చిల్లర లేదనుకో. ఇద్దరు ప్రయాణికులకి కలిపి ఒక నోటిచ్చి "మీ ఇద్దరూ పంచుకోండమ్మా" అనేస్తాం. ఇద్దరూ ముందు నన్ను తిట్టుకుంటారు. తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. చిల్లర మార్చుకునే వంకతో మాట కలుస్తుంది. దిగేలోపు ఎవరి పిల్ల ఏం చదువుతోందో, ఎవరి మోకాలికి ఏం రాసుకుంటున్నారో అన్నీ తెలిసిపోతాయి. ఇంట్లోనూ నేను చేసేది అదే. నెలకి ఒక జంట, మూడోవాళ్లకి విడిగా. "ఈ నెల మీ ఇద్దరికీ కలిపి ఇంత, పంచుకోండి" అంటాను. ఎవరెంతో నేను చెప్పను. చుట్టాలొచ్చినవాళ్లు తామే ఎక్కువ వేసుకుంటారు. ఒంట్లో బాగాలేనివాళ్లకి అవతలివాళ్లు తగ్గిస్తారు. నువ్వేమో తలుపు కింద చీటీ తోశావు. తలుపు తట్టలేదు.

సబ్‌మీటర్లు వద్దు. ఎవరు ఎంత వాడారో అవి చెబుతాయి, ఎందుకు వాడారో చెప్పవు.

నాకొక్కటే అర్థం కావట్లేదు. బిల్లు అంతలా ఎందుకు పెరిగింది? మాస్టారు ట్యూషన్ గదిలో కొత్తగా ఏమైనా పెట్టించారేమో చూడు. ఆయనకి అందరి లెక్కా కావాలి, సొంత లెక్క గుర్తుండదు. టైలరమ్మని మాత్రం ఏమీ అనకు. నా యూనిఫామ్ జేబులు ఆవిడ కుట్టింది. అన్నేళ్లు చిల్లర మోశాయి, ఒక్క కుట్టు ఊడలేదు. మనిషీ అంతే.

ఇంటి విషయాలు దాచకు.

పిన్ని

*

జూన్ 13

పిన్నీ,

నీ ఉత్తరం అందింది, కానీ ఎలక్ట్రీషియన్ నీ ఉత్తరం కన్నా చురుకైనవాడు. సబ్‌మీటర్లు బిగించేసి, టీ తాగి, నా భవిష్యత్తుకి శుభాకాంక్షలు కూడా చెప్పి వెళ్లాడు. కాబట్టి నీ చిల్లర పాఠాన్ని గౌరవంగా చదివి, మడిచి, అలమరలో పెట్టాను.

ఇక గుండె చిక్కబట్టుకో. నేను నేరం పట్టుకున్నాను.

మూడు సబ్‌మీటర్ల లెక్కా కలిపితే పెద్ద మీటరు లెక్కకి చేరట్లేదు. మధ్యలో ఎక్కడో కరెంటు పోతోంది. ఎలక్ట్రీషియనూ నేనూ గోడలు తడుముకుంటూ వెళితే దొరికింది చూడు, నాలుగో తీగ! టైలరమ్మ ముందుగది గోడలోంచి కిటికీ పక్కగా బయటికొచ్చి, ప్రహరీ మీద తీగల్లో కలిసి ఎటో పోతోంది. దాని స్విచ్చు ఎక్కడుందనుకున్నావు? ఆవిడ తలుపు వెనకాల, బట్టల కొక్కేనికి దిగువన.

వెంటనే మెట్ల మీద కోర్టు సమావేశపరిచాను. సంగతి వివరించాను. నా గొంతు బాగా పలికింది పిన్నీ, నువ్వు వినాల్సింది. "ఒకరి చాటు సరఫరాకి ముగ్గురు బిల్లు కట్టడం ఏ న్యాయం?" అని ముగించాను. మాస్టారు తల పంకించారు. నర్సమ్మ నేల చూసింది. టైలరమ్మ ఎవరి జాకెట్టుకో హుక్కులు కుడుతోంది. తలెత్తలేదు. దారం పంటితో కొరికి తెంపి, సూది దిండుకి గుచ్చి, లోపలికెళ్లింది. మౌనం అంగీకారమే కాబట్టి తీగ కత్తిరించమన్నాను. కత్తిరించేశాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, "నెలాఖరుకి ఖాళీ చేస్తాను బాబూ. మీ పిన్నికి చెప్పు" అంది. అంతే. తిట్టినా బాగుండేది. ఎందుకో కేసు గెలిచిన సంతోషం ఒంటికి పట్టలేదు. స్కూళ్లు తెరిచిన ఈ హడావిడిలో అట్టపెట్టెల నిండా పిల్లల యూనిఫాములు, సగం కుట్టినవి పెట్టుకుని ఆవిడ ఎక్కడికి వెళుతుందో నాకు తెలియదు. అది నా పరిధిలోని అంశం కాదని నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను. రెండోసారి నేనే నమ్మలేదు.

ఇంకో కబురు. నర్సమ్మ మన గేటు ఎదురు బస్టాపులో దిగుతూ గుంటలో కాలేసి మడమ బెణికించుకుంది. అక్కడ లైటు వెలగట్లేదట. వీధి దీపాలవాళ్ల నిర్లక్ష్యం చూశావా! ఆవిడ తరఫున వాళ్లకి గట్టిగా ఒక అర్జీ రాశాను. "దీపం ఆర్పిన బాధ్యుణ్ణి గుర్తించి తగిన చర్య తీసుకోవలసిందిగా" అని. నా వృత్తి జీవితంలో మొదటి అర్జీ. నకలు దాచిపెట్టాను, తర్వాత ఫ్రేము కట్టిస్తా.

నీ ప్రతినిధి

*

జూన్ 18

నాన్నా,

ఆ బాధ్యుడివి నువ్వే.

ఆ నాలుగో తీగ బస్టాపు లైటుది. నేను వేయించాను. పర్మిషన్ తీసుకునే వేయించాను, సెక్షన్లు వెతక్కు.

నేను ఆఖరి ట్రిప్పు చేసే రోజుల్లో ఆ స్టాపు ఎప్పుడూ చీకటే. ఆడవాళ్లు ఫుట్‌బోర్డు మీంచి ఒక కాలు కిందికి చాపి, చీకట్లో నేల ఎక్కడుందో తడుముకునేవాళ్లు. నేను టార్చి పట్టుకుని, అందరూ దిగాక గానీ రైట్ చెప్పేదాన్ని కాదు. రిటైరయ్యే రోజు అందరూ దండలు వేస్తుంటే నాకు ఒకటే ఆలోచన, రేపట్నుంచి టార్చి ఎవరు పడతారు అని. స్టాపు ఎదురుగా ఇల్లు పెట్టుకుని అంత ఆలోచనెందుకని ఇంట్లోంచి తీగ లాగించేశాను.

స్విచ్చు టైలరమ్మ గదిలో ఎందుకంటే, పొద్దుగూకే వేళకి ఇంట్లో ఉండేది ఆవిడే. జ్వరమొచ్చి లేవలేని రోజున మాస్టారి ట్యూషన్ పిల్లని కేకేసి వేయించింది గానీ ఒక్క సాయంత్రం మానలేదు. నేను అడిగింది ఒక్కసారే. రెండోసారి గుర్తు చెయ్యాల్సిన పని పడలేదు.

ఇంకోటి. బిల్లు పెరగలేదురా. నువ్వు మూడుతో పంచావు. నేను ఎప్పుడూ నాలుగుతో పంచుతాను. డాబా మీద నా గది, నీళ్ల మోటారు, మెట్ల లైటు, బస్టాపు లైటు, ఇవి ఎవరి పోర్షన్‌కీ చెందవు. అది నా వాటా. ముందు అది తీసేసి, మిగిలిందే వాళ్లకి చెబుతాను. నీకు చెప్పకుండా రైలెక్కాను. పైగా నీ ఉత్తరం చూసి బిల్లే పెరిగిందనుకుని, పాపం మాస్టారిని అనుమానించాను. అది నా బుద్ధి తక్కువ. మనసులో ఆయన్ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

నా వాటా సంగతి ఎవరికీ చెప్పనని టైలరమ్మ దగ్గర మాట తీసుకున్నాను. తెలిస్తే మొహమాటపడి వాళ్లూ వేసుకుంటారని. ఎవరికీ చెప్పకుండా చెయ్యడం పెద్ద గొప్ప అనుకున్నానురా. ఇప్పుడు చూడు, నా గొప్పతనం తీసుకెళ్లి ఆవిడ మెడకి చుట్టాను. నువ్వు అంతమందిలో దొంగ అంటుంటే, నాకిచ్చిన మాట కోసం ఆవిడ దారం కొరుక్కుంటూ కూర్చుంది.

ఇందులో ఒక చీటీ పెడుతున్నాను. తీగ మళ్లీ వేయించే ఖర్చూ, ఈ నెల నాలుగో వాటా, రెండూ కలిపి. నీకూ టైలరమ్మకీ ఒకటే చీటీ. ఎవరెంతో నేను రాయను. మీ ఇద్దరూ పంచుకోండి. తలుపు కింద తొయ్యకు. తట్టు.

ఆవిడ వెళ్లిపోతే ఆ ఇంటికి ఓనర్ని అని చెప్పుకోవడానికి నాకు మొహం ఉండదు.

పిన్ని

*

జూన్ 24

పిన్నీ,

ప్రతినిధి, న్యాయమూర్తి అనే పదవులకి రాజీనామా చేసినవాడు రాస్తున్నాడు. నీళ్ల మోటారు మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది.

నీ ఉత్తరం చదివి, చీటీ పట్టుకుని కిందికి దిగాను. నా జీవితంలో ఎక్కిన మెట్లన్నీ ఒక ఎత్తు, ఆ రోజు దిగిన మెట్లు ఒక ఎత్తు. తలుపు తట్టాను.

గదిలో సగం సామాను మూటలు కట్టేసి ఉంది. మిషను మీద మాత్రం బట్ట ఉంది, కుడుతూనే ఉంది. నేను చీటీ చాపాను. "ఇదేంటి?" అంది. "పిన్ని పంపింది. మనిద్దరికీ కలిపి" అన్నాను. చదివింది. నవ్వాపుకుంది, కనిపెట్టాను.

"మీ పిన్ని బస్సు దిగినా బస్సు ఆవిణ్ణి వదల్లేదు."

"టైలరమ్మా, తప్పయిపోయింది. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే..."

అక్కడ ఆపేయాల్సింది పిన్నీ. లాయర్ని కదా, క్షమాపణలో కూడా వాదన కలిపాను. ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టింది.

"చూడు బాబూ. అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్ని. మీ పిన్నిని అడుగు అనైనా అనేదాన్ని. నువ్వు అడగలేదు, తేల్చేశావు. గుడ్డ కత్తిరించే ముందు నేను మనిషిని రెండుసార్లు అడుగుతాను. ఒదులు పెట్టనా, బిగుతు పెట్టనా అని. ఒకసారి కత్తెర పడ్డాక అతుకే తప్ప పాత గుడ్డ రాదు. తీగ కత్తిరించే ముందు నన్ను ఒక్కసారి అడిగావా?"

చదువుకున్న పుస్తకాల్లో సాక్షిని ప్రశ్నించడం గురించి లావుపాటి అధ్యాయమే ఉంది. పరీక్షలో దానికి మంచి మార్కులు కూడా వచ్చాయి.

"లేదు" అన్నాను.

"అదీ" అంది. "మాట పడ్డందుకు కాదు బాబూ నాకు బాధ. ఇన్నేళ్లు ఒకే మెట్లు ఎక్కి దిగాం. ఆ మెట్ల మీద ఒక్కరికీ నోరు రాలేదు, ఆవిడ అలాంటిది కాదు అనడానికి. అలాంటి చోట స్విచ్చు ఎవరికోసం వెయ్యాలి?"

అప్పుడు నేను చేసిన పని నీకు నచ్చుతుందో లేదో. పైకెళ్లి మాస్టారి తలుపు తట్టాను, నర్సమ్మ తలుపు తట్టాను. ఇద్దర్నీ మెట్ల మీదకి పిలిచి, నీ ఉత్తరం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చదివి వినిపించాను. మొదటి వాక్యంతో సహా. మాస్టారి మీద నీ అనుమానం దగ్గర గొంతు తగ్గిద్దామనుకున్నా గానీ, ఆయన "గట్టిగా చదువు" అన్నారు. అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆవిడ అనుమానించడంలో తప్పులేదు. పిల్లలకి రోజూ లెక్క సరిచూసుకోమని చెబుతాను. పాత బిల్లు ఒక్కటి తెచ్చి చూపించమని నీతో అనలేకపోయాను. పక్క మనిషిని అనడమే తేలికనిపించింది" అని, ఈసారి గోడతో కాదు, నేరుగా టైలరమ్మ వైపు తిరిగి దండం పెట్టారు.

నర్సమ్మ కట్టు కట్టిన కాలితో ఒక్కో మెట్టూ దిగి వచ్చి, "అక్కా, ఆ లైటు వీధిదనుకున్నాను ఇన్నాళ్లూ. దాని కింద దిగి, నీ తలుపు ముందు నుంచే నడిచి వెళ్లేదాన్ని. మొన్న అందరూ అంటుంటే నేల చూస్తూ నిలబడ్డాను" అని ఏడ్చేసింది. టైలరమ్మ కంగారుపడి, "ఆ కాలితో మెట్లు దిగొద్దన్నానా నిన్ను? ఎవరైనా కుర్చీ వెయ్యరేం!" అని అందర్నీ కేకలేసింది. మాస్టారు సొంత కుర్చీ మోసుకొచ్చారు. పిన్నీ, కోర్టుల్లో తీర్పులు ఎలా వస్తాయో నాకు తెలియదు గానీ, ఆ కుర్చీ పడ్డప్పుడు మూటలు విప్పుతారని నాకు తెలిసిపోయింది.

విప్పింది. కానీ షరతులు పెట్టింది. నీ నాలుగో వాటా ఇకమీదట అందరిదీ. నువ్వు ఒక్కదానివే మంచిదానివైతే మిగతావాళ్లకి చోటుండదట, ఇది నీకు చెప్పమంది. రెండోది, సబ్‌మీటర్లు ఉంటాయి గానీ వాటికి ముసుగులు ఉండాలట. మిగిలిన యూనిఫాం గుడ్డతో మూడు టోపీలు కుట్టి తొడిగింది. చూడాలనుకున్నవాళ్లు ఇంట్లోవాళ్లని అడిగి, ఎత్తి చూడొచ్చు. మెట్ల కింద మూడు మీటర్లూ ఇప్పుడు స్కూలుకి బయల్దేరిన పిల్లల్లా వరసగా నిలబడ్డాయి.

మన ఇద్దరి చీటీ సంగతి: డబ్బు నాది, స్విచ్చు ఆవిడది. బేరం ఆడకుండా తేలిపోయిన చిల్లర అదొక్కటేనేమో నీ సర్వీసులో. తీగ మొన్నే వేయించాను. ఎలక్ట్రీషియన్ ఈసారి శుభాకాంక్షలు చెప్పలేదు.

వీధి దీపాలవాళ్ల దగ్గర్నుంచి నా అర్జీకి జవాబొచ్చింది. దీపం ఆర్పిన వ్యక్తి వివరాలు తెలిస్తే పంపమన్నారు. పంపాను. వృత్తి జీవితంలో నా మొదటి ముద్దాయిని నేనే. ఫ్రేము ఆలోచన మానుకున్నాను.

ఇప్పుడు నీ మీద నాకు పెరిగిపోయిన గౌరవం గురించి ఒక పేజీ రాశాను గానీ, టైలరమ్మకి చూపిస్తే "ఒదులుగా ఉంది, తగ్గించు" అంది. తగ్గిస్తే ఇంత మిగిలింది: నేను చదువుకున్న న్యాయం మొత్తం నీ ఒక్క టార్చి వెనకాల నడవాలి.

చివరికి ఒకటి. నేను కోర్టులో చేరబోతున్న సంగతి ఆవిడకి తెలుసట. స్నేహితుడి కోటు వేసుకుని అద్దం ముందు వాదించుకుంటుంటే, డాబా మీద బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి చూసిందట, మోచేతులు దాటని ఆ కోటుని. నిన్న పిలిచి, నల్లగుడ్డ పరిచి, టేపు మెడకేసుకుని నిలబడింది. "చేతులు ఎక్కడిదాకా పెట్టమంటావు?" అంది. "మీ ఇష్టం" అన్నాను. "నా ఇష్టం కాదు, చెప్పు. అడిగే కత్తిరిస్తాను, నీలాగా కాదు" అంది.

చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. అప్పుడు పడింది కత్తెర.

నీ అక్క కొడుకు
(ఇది కూడా జీతం లేని పదవే, కానీ రాజీనామా చెయ్యను)

*

జూన్ 29

ఒరేయ్ లాయరూ,

ఆవిడ చెప్పమన్న మాట అందింది. నా వయసుకి ఇలాంటి చీవాట్లు పెట్టేవాళ్లు మిగలడం అదృష్టం. వాటా అందరిదీ అంటే సరే. కానీ నాదీ ఒకటుండాలి, నన్ను దింపేసి బస్సు పోనివ్వకండి.

క్లాసు అయిపోయింది. చివరి రోజు నిజం బస్సు ఇచ్చారు. పొడుగాటి కుర్రాడు చిల్లర లేక ఇద్దరు ముసలాళ్లకి ఒకే నోటిచ్చాడు. వాళ్లు తిట్టుకుంటూ మొదలుపెట్టి, దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా కబుర్లు చెప్పుకున్నారు. వాడికి మార్కులు వేసేశాను.

శనివారం ఆఖరి బస్సుకి దిగుతున్నాను. స్టాపుకి ఎవరూ రావద్దు. నువ్వు కొత్త కోటు వేసుకుని అసలే రావద్దు. లాయరు కేసు పట్టుకుని నిలబడ్డాడనుకుని డ్రైవరు బస్సు ఆపకుండా పోతాడు.

నేను వస్తున్నానని టైలరమ్మకి చెప్పు. చెప్పకపోయినా ఫర్వాలేదులే. ఎవరొస్తున్నారో కనుక్కుని లైటు వేసే మనిషి కాదు.

పిన్ని